తెరిసమ్మ టీచరు ప్రశాంతత

నెలలో మొదటి శుక్రవారం యేసు తిరుహృదయానికి అంకితమైన రోజు గనక, ఏ మంచి పనైనా ఆ రోజే మొదలుపెట్టాలని తెరిసమ్మ టీచరు నియమం. వర్జ్యం, రాహుకాలం చూసే అలవాటు వాళ్లింట్లో మూడు తరాలుగా లేదు. ఆ లోటును మొదటి శుక్రవారాలతో పూడ్చుకున్నారు. అందుకే వృద్ధాశ్రమంలో చేరడానికి కూడా ఆమె ఆ రోజునే ఎంచుకుంది. ఆశ్రమానికి డాక్టరు గురువారం గురువారం, అంటే సంత రోజున మాత్రమే వస్తాడన్న సంగతి తిరుహృదయానికి తెలిసే ఉంటుంది గాని, ఈమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

గుమ్మలక్ష్మీపురం దాటి ఘాట్ ఎక్కాక, సంత జరిగే ఒక చిన్న ఊరికి పైన, గుట్ట మీద ఉంటుంది ఆ ఆశ్రమం. సిస్టర్లు నడుపుతారు. పొడుగాటి వరండా, దాని కొసన చిన్న చర్చి, చర్చికి ఆనుకుని మందుల గది, వెనక జీడిమామిడి తోట. తెరిసమ్మ అక్కడికి ఎవరి బలవంతం మీదా రాలేదు. మిషన్ బడిలో లెక్కలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. పెళ్లెందుకు చేసుకోలేదమ్మా అని ఎవరైనా అడిగితే, "బడిలో అంతమందిని కూర్చోబెట్టి వచ్చాక, ఇంటికొచ్చి ఇంకొకణ్ణి కూడా కూర్చోబెట్టే ఓపిక లేదు" అనేది. ఒకసారి స్నానాల గదిలో జారి పడ్డాక, మేనకోడలు ఏంజెలిన్ నోరు తెరవకముందే తనే చెప్పేసింది, "నేను సిస్టర్ల దగ్గరికి పోతాను" అని. ఏంజెలిన్ ఏడ్చింది. ఆమె మొగుడు విల్సన్ జీపు మాట్లాడాడు. ఎవరి పని వాళ్లు చేశారు.

తెరిసమ్మకు ఉన్నది పార్కిన్సన్స్. ఏజెన్సీలో దాన్ని అందరూ వణుకుజబ్బు అనేస్తారు. ఆ జబ్బులో వణికేవాళ్లు ఉంటారు, బిగుసుకుపోయేవాళ్లు ఉంటారు. తెరిసమ్మ రెండో బ్యాచి. మాత్ర పడిన అరగంటకి లేస్తుంది, నడుస్తుంది, ఎదుటివాళ్ల లెక్కలు సరిదిద్దుతుంది. కాస్త ఎక్కువే కదులుతుంది కూడా. మందు జోరుకి మెడా భుజాలూ గాలికి మొక్కజొన్న చేనులా ఊగుతూ ఉంటాయి. ఆ ఊపు చూసి జనం అదే జబ్బనుకుంటారు. నిజానికి అది మందు. మందు దిగిపోతే ఊపూ ఉండదు, నడకా ఉండదు, గొంతూ ఉండదు. లోపలి మనిషి మాత్రం తెలివిగా కూర్చుని అన్నీ వింటూనే ఉంటుంది. మూడు గంటలకోసారి, కడుపు నిండకముందు, మాత్ర పడాలి. "ఒక్క రోజు కూడా మానకండి టీచర్ గారూ," అని విశాఖపట్నం డాక్టరు మరీ మరీ చెప్పాడు. "మానితే ముందు చేతులు, తరవాత మాట, ఆ తరవాత మింగుడు. మింగుడు పోయిందంటే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు నా చేతిలో కూడా ఏమీ ఉండదు."

ఆ మాట తెరిసమ్మ తలకెక్కించుకుంది. మరీ ఎక్కువగా ఎక్కించుకుంది. చేతులు బిగుసుకున్న వేళ రేకులోంచి మాత్ర ఊడదీయడం ఒక యుద్ధం గనక, ఒంట్లో బాగున్న ఒక పొద్దున కూర్చుని, ఉన్న రేకులన్నీ చించి, మాత్రలన్నిటినీ పోపుల డబ్బాలో సర్దుకుంది. జీలకర్ర గిన్నెలో పొద్దుటివి, ఆవాల గిన్నెలో పగటివి, మెంతుల గిన్నెలో సాయంత్రానివి. ఖాళీ రేకులు పొయ్యిలో పడేసింది. తన తెలివికి తనే మురిసిపోయి ఆ రోజు రెండు కప్పుల కాఫీ తాగింది.

"ఇదేంటండీ?" అంది సిస్టర్ సిల్వియా, ఆశ్రమం ఆఫీసులో మూత తీసి చూసి. నలభై దాటని మనిషి, గుంటూరు వైపు నుంచి వచ్చింది. ఇక్కడి చలికి అలవాటు పడక, ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుని తిరుగుతుంది.

"నా మందులు."

"పోపు సామానేమో అనుకున్నాను."

"పోపే. అది పెడితేగాని నేను చిటపటలాడను."

సిస్టర్ పగలబడి నవ్వింది. నవ్వుతూనే డబ్బా మూత పెట్టింది. పెట్టి, నవ్వు ఆపేసి, "ఏమనుకోకండి టీచర్ గారూ. రేకు లేని మాత్రలు మేం ఇవ్వకూడదు," అంది. "పేరుండదు, డేటుండదు. పోయినేడు ఒకావిడ ఇలాగే డబ్బాలో తెచ్చారు. ఆవిడ షుగర్ మాత్ర పొరపాటున ఇంకొకాయనకి పడి, ఆయన మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయారు. అప్పటినుంచి ఇదే రూలు. బయటి నుంచి వచ్చిన మందులన్నీ తాళంలో పెడతాం. మా డాక్టరుగారు చూసి, ఆయన రాసిచ్చి, షాపులోంచి కొత్తగా రేకులతో వస్తేనే ఇస్తాం."

అప్పటికి మాత్ర ఒంట్లో బాగా పనిచేస్తోంది. గొంతు ఖంగుమంటోంది. ఆ గొంతుతో ఎంత పేచీ అయినా పెట్టవచ్చు. కాని ముప్పై ఏళ్లు బడికి రూళ్లు పెట్టిన చెయ్యి అది. రూలన్నది కనిపిస్తే దానికి తెలియకుండానే దండం పెడుతుంది.

"మంచి రూలే," అంది తెరిసమ్మ.

ఆ మాట అన్నందుకు తరవాత నాలుక కొరుక్కుందామని చాలాసార్లు అనుకుంది గాని, అప్పటికి నాలుక ఆమె చెప్పుచేతల్లో లేదు.

"మరి డాక్టరుగారు ఎప్పుడొస్తారు?"

"నిన్ననే వచ్చి వెళ్లారండీ. మళ్లీ గురువారం. కంగారు పడకండి, ఫోన్లో అడిగేస్తాను కదా!"

"ఫోన్లో అయిపోద్ది అత్తా," అన్నాడు విల్సన్, జీపువాడు హారన్ కొడుతుంటే ఒక కాలు గుమ్మం బయట పెట్టి. అతను టీచరుగా ఉన్న ఊళ్లో సెల్ టవర్ లేదు. ఫోన్ చేయాలంటే కొండ ఎక్కాలి. "ఆదోరం కొండెక్కి చేత్తాను. నువ్వు బెంగెట్టుకోకు." జీపు దిగిపోయింది. పోపుల డబ్బా మందుల గదిలో అద్దాల బీరువాలోకి ఎక్కింది. తెరిసమ్మ గదిలోకి వెళ్లింది, తన కాళ్ల మీద తనే నడిచి.

గదిలో రెండో మంచం వరలక్ష్మిది. ఆమె భర్త బొబ్బిలి నుంచి వచ్చి సంతలో కిరాణా కొట్టు పెట్టుకుని, అక్కడే పెరిగి, అక్కడే పోయాడు. "అప్పన్నబాబు కొండ నుంచి నాకు దిగిరమ్మని కబురెట్టలేదు, మరి ఇక్కడే ఉన్నాను," అంటుంది. మంచం పైన సింహాచలం అప్పన్న పటం పెట్టుకుంది. సిస్టర్లు దాని జోలికి పోరు. ఆమెకు ఒక చెవి వినపడదు. రెండోది తనకు అవసరమైనంత మేరకే వినపడుతుంది.

"ఏటి పంతులమ్మా, ఏ ఊరేటి మీది?"

తెరిసమ్మ చెప్పింది. అప్పటికి పగటి మాత్ర వేళ దాటిపోయింది. మాట పెదాల దాకా వచ్చి, అక్కడ నీరసపడి కూర్చుంది.

"నిన్నేనమ్మా అడుగుతన్నాను! ఓసోసి, మాతోటి మాటాడితే నోట్లో ముత్తేలు రాలిపోతాయేటి? సదూకున్నోళ్లకి ఎంత పొగరే తల్లీ!" అని వరలక్ష్మి అటు తిరిగి పడుకుంది. తెరిసమ్మ ఇంకా తన ఊరి పేరు రెండో అక్షరం దగ్గరే ఉంది.

సాయంత్రానికి ఆమె చెక్క అయిపోయింది. మంచం అంచున కూర్చోబెడితే కూర్చుంది, చెయ్యి ఒళ్లో పెడితే ఒళ్లోనే ఉంది. ముఖంలో ఒక్క ముడత కూడా లేదు. ఈ జబ్బు ముసలి ముఖాలను ఇస్త్రీ చేస్తుంది. దీపాలు పెట్టే వేళకు సిస్టర్ సిల్వియా చూడవచ్చి, గుమ్మంలోనే ఆగి చేతులు జోడించింది.

"రత్నా, చూశావా?" అంది తన వెనకున్న ఆయాతో. "పొద్దున వచ్చినప్పుడు ఎలా ఊగిపోతున్నారు! ఇప్పుడు చూడు, వణుకే లేదు. మనసుకి ప్రశాంతత దొరికితే సగం జబ్బు అదే పోతుందని మా మఠం మదర్ అనేవారు."

"అవునమ్మా," అంది రత్న. "బొమ్మలాగున్నారు."

తెరిసమ్మ లోపల ఉన్న హెడ్మిస్ట్రెస్ బల్ల మీద బెత్తంతో కొట్టి, 'ప్రశాంతత కాదమ్మా, మాత్ర!' అని అరిచింది. బయటికి వచ్చేసరికి అది ఒక నిట్టూర్పు అయింది. సిస్టర్ దాన్ని కూడా తృప్తి ఖాతాలోనే రాసుకుంది.

ఈ జబ్బు చేసే దయ ఒకటుంది. నిద్రలేవగానే కాసేపు, మాత్ర లేకపోయినా, గొంతులో కొంచెం మాట ఉంటుంది. మర్నాడు తెల్లవారుతుండగా తెరిసమ్మకు ఆ మాట దొరికింది. సిస్టర్లు అప్పుడు ప్రార్థనలో ఉన్నారు. రత్న పాలకోసం ఊళ్లోకి దిగింది. ఎదురుగా ఉన్నది వరలక్ష్మి. ఆమె వినపడే చెవి దిండులో ఉంది.

"వరలక్ష్మమ్మా," అంది తెరిసమ్మ. "సిస్టర్‌ని పిలవండి. మాత్ర లేకపోతే నేను చచ్చిపోతాను."

వరలక్ష్మి గుర్రు పెట్టింది.

రత్న వచ్చేసరికి ఆ కాస్త మాటా అయిపోయింది. రత్న ఆమెకు ముఖం కడిగి, తల దువ్వి, చక్రాల కుర్చీలో చర్చిలోకి తీసుకెళ్లి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. అక్కడి నుంచి ఎదురుగా తిరుహృదయం పటం కనిపిస్తుంది. పటం పక్కనే మందుల గది తలుపు. తలుపు తీసి ఉంటుంది. లోపల అద్దాల బీరువా. బీరువాలో స్టీలు పోపుల డబ్బా, పొద్దుటి ఎండకు తళతళా మెరుస్తూ.

తెరిసమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. రెప్ప వేయలేదు, వేయలేకపోయింది. జపమాల అయింది, పాట అయింది, అందరూ టిఫిన్‌కి లేచారు. ఆమె లేవలేదు.

"కదపకు," అంది సిస్టర్ మెల్లగా, రత్నతో. "తిరుహృదయం మీద నుంచి చూపు తిప్పడం లేదు. అంత ఏకాగ్రత, సిస్టర్లకి శిక్షణిచ్చే మా నవిషియేట్‌లో కూడా చూడలేదు నేను. ఉప్మా తరవాత పెడదాంలే."

ఇలా చెబితే సిస్టర్‌కు మందు సంగతి పట్టలేదనిపిస్తుంది. అది అబద్ధం. ఆ పొద్దున్నే ఆమె డాక్టర్ దుర్గాప్రసాద్‌గారికి నాలుగైదుసార్లు ఫోన్ చేసింది. సిగ్నల్ కోసం వరండాలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతుంటే, తెరిసమ్మకు ప్రతి మాటా వినిపించింది. చీటీలో విశాఖపట్నం డాక్టరు రాసిన మాత్రే ఇవ్వమన్నాడు ఆయన, వేళలు మాత్రం అన్ని మందుల్లాగే, రోజుకి మూడు, భోజనాల తరవాత. పోపుల డబ్బాలోవి మాత్రం వద్దే వద్దన్నాడు. సిస్టర్ కింద సంతలో ఉన్న సర్వేశ్వరరావు మందుల షాపుకి ఫోన్ చేసింది.

"ఆ మాత్ర ఇక్కడెవులు ఆడతారమ్మా?" అని ఫోన్లో సర్వేశ్వరరావు గొంతు, స్పీకర్లో. "మలేరియాకి అడగండి, బస్తాడిత్తాను. ఇది పార్వతీపురం నుంచి రావాల. ఇయ్యాల శనోరం కదా, ఆర్డరెడతాను. రేపు అక్కడోడు షాపు తియ్యడు. సోమోరం బస్సులో ఏసేత్తాడు."

"కొంచెం బేగి చూడండి సర్వేశ్వరరావుగారూ," అంది సిస్టర్. గుంటూరు మనిషి, ఆ ఊళ్లో నేర్చుకున్న మొదటి మాట ఆ 'బేగి'యే, త్వరగా అని.

ప్రతివాళ్లూ చెప్పింది సబబుగానే ఉంది. డాక్టరు సబబు, సిస్టర్ సబబు, షాపువాడు సబబు, ఆదివారం సెలవు సబబు. తెరిసమ్మ జీవితంలో ఎన్నో లెక్కలు దిద్దింది. ప్రతి మెట్టూ ఒప్పుగా ఉండి, చివరి జవాబు మాత్రం తప్పు వచ్చిన లెక్కను ఇప్పుడే చూస్తోంది.

ఆదివారం పూజకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చారు. ముందు బల్ల మీద కదలకుండా, రెప్ప వేయకుండా కూర్చున్న కొత్త టీచరమ్మను చూశారు. పూజ అయ్యాక ఒక్కొక్కరే దగ్గరకొచ్చారు. ఒకామె చంకలో పిల్లవాణ్ణి దించి, తెరిసమ్మ చెయ్యి తీసి వాడి తల మీద పెట్టుకుంది.

"మా గుంటడికి జొరం ఇడవట్లేదమ్మా. ఆడి కోసం కూడా ఓ మాట సెప్పండి దేవుడికి."

తెరిసమ్మ చెయ్యి వాడి తల మీద పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. పిల్లవాడు కాసేపు ఓర్చుకుని, తరవాత కిందికి వంగి తప్పించుకున్నాడు. చెయ్యి గాల్లోనే మిగిలింది. వాడి జ్వరం తగ్గాలని తెరిసమ్మ నిజంగానే అనుకుంది. అది తప్ప వాడికి చేయగలిగింది ఏమీ లేదు. రెప్ప వేయక ఎండిపోయిన కళ్లు మండి, నీళ్లు కారాయి.

"సూడు, సూడు, ఏడుస్తన్నాది," అని గుసగుసలు. ఎవరో ఆమె పాదాల దగ్గర రెండు అరటిపళ్లు పెట్టారు. సిస్టర్‌కు అది నచ్చలేదు, విగ్రహారాధన అవుతుందని తీసేయించింది.

కొండెక్కి విల్సన్ ఆ రోజే ఫోన్ చేశాడు. సిస్టర్ ఫోన్ తీసుకుని, "అత్తగారు చాలా ప్రశాంతంగా ఉన్నారు బాబూ. వణుకు కూడా పోయింది," అని చెప్పింది. అవతల అతను దేవుడికి స్తోత్రం చెప్పడం తెరిసమ్మకు వినిపించింది. ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టారు. "అత్తా? అత్తా?" అన్నాడు. తెరిసమ్మ ఊపిరంతా కూడదీసుకుంది. "నిద్రలో ఉన్నట్టుంది, లేపకండి" అని అతను పెట్టేశాడు.

సోమవారం మింగుడు మొదలైంది; అంటే, పోవడం మొదలైంది. రత్న చోడి అంబలి, అదే రాగిజావ, చెంచాతో పట్టిస్తుంటే, అది నోట్లోనే ఆగి, దారి మరిచిపోయినట్టు అటూ ఇటూ చూసి, ఉన్నట్టుండి తప్పుదారి పట్టింది. తెరిసమ్మకు పొలమారింది. దగ్గడానికి కూడా ఒంట్లో బలం కావాలి.

"ఎవులో తలుసుకుంటన్నారమ్మా మిమ్మల్ని," అంది రత్న నెత్తి మీద తడుతూ. "బేగి తాగెయ్యండి, సల్లారిపోతాది."

విశాఖపట్నం డాక్టరు చెప్పిన మూడో మెట్టు ఇదే. తెరిసమ్మకు మొట్టమొదటిసారి నిజంగా భయం వేసింది. పోవడానికి భయం కాదు; ఆ సంగతి దేవుడితో ఎప్పుడో మాట్లాడుకుంది. ఊపిరాడక, అందరి మధ్యా, అందరూ ప్రేమగా చూస్తుండగా, ప్రశాంతంగా పోతానేమోనని.

"మాత్ర," అంది. ఆ ఒక్క మాటా బయటికొచ్చింది, చీమంత.

రత్నకు వినిపించింది. ముఖం వెలిగిపోయింది. "వత్తందమ్మా! పార్వతీపురంలో బస్సెక్కేసినాదంట!"

బస్సు ఎక్కింది గాని ఘాట్ ఎక్కలేదు. మలుపులో ఒక లారీ అడ్డం తిరిగింది. బస్సు కిందికే వెళ్లిపోయింది, మాత్రను ఒళ్లో పెట్టుకుని.

ఆ మధ్యాహ్నం వరలక్ష్మి తన మంచం మీద కూర్చుని అన్నం కలుపుకుంటూ, ఎదురుగా తెరిసమ్మ పెదాల చివర నుంచి చారు కారిపోవడం చూసింది. ముద్ద నోటి దగ్గర ఆపేసింది. చాలాసేపు చూసింది. తరవాత స్టీలు కంచాన్ని మంచం పట్టీకేసి కొట్టడం మొదలుపెట్టింది.

"ఓ సిస్టరమ్మా! రా ఇలాగ! ఇది బక్తేటి, బక్తి? నా మొగుడు పోయే ముందర అచ్చం ఇలాగే సూసినాడు! ఈ మనిసి బిగిసిపోనాది. మీ దేవుడితో మాటాడ్డం లేదు, ఎవులితోటీ మాటాడ్డం లేదు!"

సిస్టర్ పరుగున వచ్చింది. జ్వరం చూసింది, లేదు. బీపీ చూసింది, ఉండాల్సినంతే ఉంది. ఒంటి మీద చెయ్యి వేసి, మోచెయ్యి వంచబోయింది. అది వంగలేదు. అప్పుడు ఆమె ముఖం పాలిపోయింది. బయటికి వెళ్లి, తాళాలగుత్తితో, పోపుల డబ్బాతో తిరిగి వచ్చింది. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని మూత తీసింది. ఆవాల గిన్నెలోంచి లేత పసుపు మాత్ర ఒకటి తీసి, అరచేతిలో పెట్టుకుని, తెరిసమ్మ కళ్ల ముందు పట్టుకుంది.

"టీచర్ గారూ, ఇదేనా? నాకు భయంగా ఉంది. ఇది కాకపోతే పాపం నాది. ఇదే అయితే... ఒక్కసారి కళ్లు మూసి తెరవండి చాలు. నేను ఇచ్చేస్తాను. రూలు సంగతి నేను చూసుకుంటాను."

తెరిసమ్మ జీవితంలో అంత సులువైన ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె తన ఒంట్లో మిగిలిన సత్తువంతా పోగుచేసి రెప్పల మీద వేసింది. రెప్పలు మెల్లగా, బరువుగా, సంత ముగిశాక షాపువాడు దించే షట్టర్‌లా దిగాయి. మూసుకున్నాయి.

ఇక తెరవాలి.

తెరుచుకోలేదు. పిలిచింది, బతిమాలింది, లోపలి నుంచి భుజం పెట్టి తోసింది. చీకట్లో సిస్టర్ ఊపిరి వినిపిస్తోంది. మాత్ర వాసన కూడా తగిలినట్టు అనిపించింది.

"నిద్రపోయారు పాపం," అంది సిస్టర్, ఎంతోసేపు చూసి. "అలిసిపోయారు. నేనే తొందరపడ్డాను." గిన్నెలో మాత్ర పడిన చప్పుడు, మూత పెట్టిన చప్పుడు.

"ఏటైనాది?" అంది వరలక్ష్మి.

"పడుకున్నారమ్మా."

"పడుకోనీ మరి. పడుకుంటే మంచిదే," అని వరలక్ష్మి ఆరిపోయిన చేతిని మళ్లీ అన్నంలో పెట్టింది.

మంగళవారం పొద్దెక్కుతుండగా, క్యాబేజీలు వేసుకుని వచ్చిన జీపులో మాత్ర వచ్చింది. రేకులో, పేరుతో, డేటుతో. పోపుల డబ్బాలో ఉన్నదానికి కవల. సిస్టర్ దాన్ని పొడి చేసి, చెంచాడు నీళ్లలో కలిపి, తెరిసమ్మ బుగ్గ నిమురుతూ కొంచెం కొంచెంగా దించింది. సగం కారిపోయింది. సగం దిగింది.

కాసేపటికి బొటనవేలు కదిలింది. తరవాత మెడ. తరవాత, ఎవరో లోపలి గదిలో గొళ్లెం తీసినట్టు, గొంతు.

"సిస్టర్," అంది తెరిసమ్మ.

సిస్టర్ సిల్వియా భోరున ఏడ్చేసింది. రత్న ముక్కు చీదింది. వరలక్ష్మి, "నాను సెప్పలేదేటి! నాను సెప్పబట్టి!" అని వరండా అంతా తిరిగింది.

తెరిసమ్మ ఏడవలేదు. ఆమెకు ఏడ్చే తీరిక లేదు. సగం మాత్ర ఎంతసేపు నిలుస్తుందో ఆమెకు బాగా తెలుసు. "సిస్టర్, వినండి. భోజనానికి ముందు ఇంకొకటి వెయ్యాలి. తిన్నాక వేస్తే పనిచేయదు. మూడు గంటలకోసారి. రోజుకి మూడు చాలవు."

"అలాగేనండీ, అలాగే. గురువారం డాక్టరుగారు వస్తారుగా, ఆయనతో టైములన్నీ మార్పిద్దాం. ఈ రెండ్రోజులూ ఆయన చెప్పినట్టు మన మందుల గంటకే, భోజనాలయ్యాక..."

"గురువారం దాకా నేను ఆగలేను. పోనీ ఒక్క మాత్ర, ఒక్కటంటే ఒక్కటి, నా దగ్గర ఉంచండి."

సిస్టర్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఎంతో ప్రేమగా నవ్వింది. "మీరే కదండీ మంచి రూలన్నారు? ఇప్పుడు భయమెందుకు? మందు వచ్చేసింది, ఒంట్లో పడింది. ఇంక మీకేం కాదు."

జ్వరం మాత్ర వేస్తే జ్వరం తగ్గుతుంది, తగ్గాక తగ్గే ఉంటుంది. షుగరు మాత్రయినా ఒక పూట ఆలస్యమైతే మనిషి ఆగిపోడు. సిస్టర్ ఎరిగిన మందులన్నీ అలాంటివే. ఇది అద్దె కట్టినంతసేపే ఇంట్లో ఉండనిచ్చే మందు అని ఆమెకు నచ్చజెప్పడానికి తెరిసమ్మకు ఒక పీరియడ్ కావాలి. సిస్టర్ అప్పటికే గంట కొట్టించడానికి వెళ్లిపోయింది. పన్నెండింటి ప్రార్థనకు అందరూ రావాలి, టీచరుగారు లేచి మాట్లాడినందుకు దేవుడికి కృతజ్ఞతా స్తుతి చెప్పుకోవాలి.

సరే, తెరిసమ్మ అనుకుంది, అందరి ముందూ చెబుతాను. బడి అసెంబ్లీలో చెప్పినట్టు, వెనక వరస దాకా వినిపించేలా. అందరూ విన్నాక ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటారు.

తన కాళ్ల మీదే నడిచి వెళ్లి ముందు బల్ల మీద కూర్చుంది. కొంచెం ఊగుతోంది కూడా. ఆ ఊపు ఆమెకు ప్రాణంలా ఉంది. ముందు ఒక పాట. తరవాత జపమాల. పదేసి పూసల ఐదు దశకాలూ పూర్తిగా, ఒక్క పూస కూడా వదలకుండా. తరవాత ఆశ్రమ దాతల కోసం. వానల కోసం. జీపువాడి కోసం. ఊపు తగ్గింది. ఘాట్ రోడ్డు కోసం. ఈ మాత్ర కూడా షాపులో పెట్టేలా సర్వేశ్వరరావు మనసు మారడం కోసం. తెరిసమ్మ చెయ్యి ఎత్తింది, క్లాసులో పిల్లలా. సిస్టర్ చూసి, ఒక్క నిమిషం అన్నట్టు తల ఊపి, కళ్లు మూసుకుంది.

"ఇప్పుడు టీచరుగారు రెండు మాటలు చెబుతారు," అంది ఆఖరికి.

తెరిసమ్మ లేచింది. బల్ల పట్టుకుని లేచింది.

"నన్ను లేపింది మాత్ర," అంది. గొంతు వెనక వరస దాకా వెళ్లింది. అందరూ తలలూపారు. "దేవుడు లేడనడం లేదు. ఆ మాత్ర మూడు గంటలకోసారి పడాలి. పడకపోతే నేను ప్రార్థన చేస్తున్నట్టు కనిపిస్తాను. అది ప్రార్థన..."

రెండో వరస దాకా వెళ్లింది.

"...కాదు. ఇప్పుడు కూడా... అన్నానికి ముందే..."

మొదటి వరస ముందుకు వంగింది. ఆ తరవాతి మాట ఆమె పెదాలు దాటలేదు. కాళ్లు తమంతట తామే ఆమెను కూర్చోబెట్టాయి. ముఖం మీది ముడతలు ఒక్కొక్కటీ సర్దుకున్నాయి. చూపు ఎదురుగా నిలిచిపోయింది.

"ఆమెన్," అన్నారు అందరూ. కొందరు కళ్లొత్తుకున్నారు.

భోజనాల గంట మోగింది. రత్న చక్రాల కుర్చీ దగ్గరకి తెచ్చి, ఆగి, సిస్టర్ వైపు చూసింది. సిస్టర్ దగ్గరకొచ్చి తెరిసమ్మ ముఖంలోకి చూసింది. ఒక్క క్షణం ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తరవాత విడిపోయాయి. మందు పొద్దున్నే కదా పడింది. ఇది జబ్బు అయ్యే అవకాశమే లేదు.

పెదవుల మీద వేలు పెట్టుకుని, అందరినీ మునివేళ్ల మీద బయటికి నడిపించింది. "కాసేపు దేవుడితో ఉండనివ్వండి," అంది రత్నతో గుసగుసగా. "కంచం మూత పెట్టి ఉంచు. భోజనం చేశాకే కదా మాత్ర, అప్పుడు వేద్దాం."

వరలక్ష్మి మాత్రం వెనకబడింది. వచ్చి తెరిసమ్మ మోకాలి మీద చెయ్యి వేసి, ముఖంలోకి ముఖం పెట్టి చూసింది.

"నిన్నటి సూపే," అంది. కాసేపు ఆలోచించింది. "అయినా బెంగ లేదులే. మాత్ర పడిపోనాది కదా. కూకో పంతులమ్మా, కూకో. నీకూ నీ దేవుడికీ సానా లెక్కలున్నాయి కావాల. నానెల్తాను, సారు సల్లారిపోద్ది."

ఆమె కూడా వెళ్లాక, చర్చి తలుపు కిర్రుమని టీచరుగారి ప్రార్థనకు భంగం కలగకుండా, రత్న రెండు రెక్కలనీ రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా, చాలా మెల్లగా మూసింది.